మన బడిలో చదివి కన్నుమూసిన వారి జీవితాలను నమోదు చేయడం ఎలా?

పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాలు ఇప్పుడు వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల్లో ప్రతి సెలవుల కాలంలోనూ జరుగుతున్నాయి. గురువులకు శాలువాలు కప్పి, జ్ఞాపికలు అందించాక, మనల్ని విడిచి వెళ్లిన మిత్రుల కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని వేదిక మీది వారు ప్రకటిస్తారు. ఆ మిత్రులెవరో, ఎందరో, ఏ ఊరివారో, బడి విడిచాక ఎలా బతికారో చాలా సభల్లో ఎవరూ చెప్పరు. చెప్పడానికి ఒక జాబితా అంటూ ఎవరి దగ్గరా ఉండదు. ఆ జాబితాను తయారు చేసుకొని, అందులోని ప్రతి పేరుకూ ఒక చిన్న జీవిత కథనాన్ని జతచేసి, బడిలోనూ గ్రంథాలయంలోనూ నిలిచి ఉండే పుస్తకంగా తీసుకురావడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఉత్తర తెలంగాణలోని పాత బాలుర ఉన్నత పాఠశాల. ఇప్పుడు అందులో ఆడపిల్లలు కూడా చదువుతూ ఉండవచ్చు, లేదా ఆ బడి మరో బడిలో కలిసిపోయి ఉండవచ్చు. పద్ధతి మాత్రం అదే.

పని మొదలుపెట్టే ముందే ఒక నిర్ణయం తీసుకోవాలి. హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు (1921–2004) గురించి, ఆచార్య జయశంకర్ (1934–2011) గురించి, మడికొండలో పెరిగిన కాళోజీ (1914–2002) గురించి ఇప్పటికే ఎందరో రాశారు, ఇంకా రాస్తారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి మగ్గం మీద కూర్చున్న వ్యక్తి గురించి, బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన వ్యక్తి గురించి, దుబాయిలో చనిపోయి పెట్టెలో తిరిగివచ్చిన వ్యక్తి గురించి ఆ బడి రాయకపోతే ఇక ఎవరూ రాయరు. కాబట్టి పుస్తకంలో ప్రతి ఒక్కరికీ సమానంగా ఒక్కొక్క పేజీ కేటాయించాలని ముందే తీర్మానించుకోవాలి. కలెక్టరైన వారికీ ఒక పేజీయే, హమాలీగా పని చేసిన వారికీ ఒక పేజీయే. ఈ నియమం లేకుండా మొదలైన స్మారక సంచికల్లో మొదటి 20 పేజీలు పదవులు పొందిన వారితో నిండిపోయి, మిగిలిన వారందరూ చివరి పేజీలో చిన్న అక్షరాల పేర్ల వరుసగా మిగిలిపోతారు.

హద్దు గీసుకోవడం

బడి పుట్టినప్పటి నుంచి అందరినీ ఒకేసారి తీసుకుంటే పని ముందుకు సాగదు. ఒక దశాబ్దాన్ని, లేదా వరుసగా ఐదారు పదో తరగతి బ్యాచ్‌లను తీసుకొని మొదటి సంపుటంగా పూర్తి చేయడం మేలు. ఏ దశాబ్దమని అడిగితే, ఇంకా సాక్షులు మిగిలి ఉన్న అతి పాత దశాబ్దమని నా సమాధానం. 1950లలో, 1960లలో చదివిన వారి తోటివారు ఇప్పుడు 70లు, 80లు దాటిన వయసులో ఉన్నారు. రిజిస్టర్లు బీరువాలో మరో రెండేళ్లు ఉండగలవు గానీ ఆ పెద్దవారి జ్ఞాపకానికి అటువంటి భరోసా లేదు. ముగ్గురు, నలుగురు ఉన్న చిన్న బృందం చాలు; వారిలో ఒకరు తప్పనిసరిగా ఆ బడి పరిసరాల్లోనే నివసించేవారై ఉండాలి.

అడ్మిషన్ రిజిస్టర్ నుంచే మొదలుపెట్టాలి

చనిపోయిన స్నేహితుల పేర్లు చెప్పమని వాట్సాప్ గ్రూపులో అడిగి జాబితా రాసుకోవడం చాలామంది చేసే పని. దానితో మొదలుపెడితే ముందు బెంచీల్లో కూర్చున్నవారు, ఆటల్లో పేరున్నవారు, పట్నంలో స్థిరపడినవారు మాత్రమే వస్తారు. ఏడో తరగతి మధ్యలో బడికి రావడం మానేసిన పిల్లవాడు ఎవరి జ్ఞాపకంలోనూ ఉండడు. అడ్మిషన్ రిజిస్టర్‌లో మాత్రం ఉంటాడు. చేరిన తేదీ, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, అంతకు ముందు చదివిన బడి, విడిచిన తేదీ, విడిచిన కారణం అన్నీ ఒకే వరుసలో ఉండే ఆ పెద్ద పుస్తకమే మన పనికి పునాది.

రిజిస్టర్ చూడటానికి ప్రధానోపాధ్యాయునికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఎందుకోసమో, ఏ సంవత్సరాలవి కావాలో, ఏ వివరాలను ప్రచురిస్తారో, ఏ వివరాలను ప్రచురించరో స్పష్టంగా రాయాలి. పెద్దసారు తన స్థాయిలో నిర్ణయించలేనంటే అదే దరఖాస్తును జిల్లా విద్యాధికారికి పంపించమని కోరవచ్చు. రిజిస్టర్ బడి ఆవరణ దాటి బయటికి వెళ్లకూడదు. దాన్ని జిరాక్స్ షాపుకు తీసుకువెళ్లి గాజు పలక మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది. కిటికీ పక్కన బల్ల మీద, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఒక్కో పేజీని ఫోన్‌తో రెండుసార్లు ఫోటో తీసుకుంటే సరిపోతుంది. చిరిగిన పేజీలకు టేపు అంటించడం, ప్లాస్టిక్ లామినేషన్ చేయించడం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంటాయి గానీ కొన్నేళ్లకు ఆ జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది.

అడ్మిషన్ రిజిస్టర్ దొరకని సంవత్సరాలకు హాజరు పట్టీలు, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి పేర్ల పట్టికలు), మార్కుల రిజిస్టర్లు, టీసీ పుస్తకాల్లో మిగిలిన సగం చీటీలు పనికొస్తాయి. బడి హాలులో వేలాడే పాత గ్రూప్ ఫోటోల వెనుక అట్ట మీద కొన్నిసార్లు పేర్ల వరుస రాసి ఉంటుంది; ఫ్రేము విప్పే ముందు అనుమతి తీసుకోవాలి.

1948 సెప్టెంబరు పోలీసు చర్యకు ముందు నిజాం ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో బోధన ఉర్దూలో ఉండేది, కార్యాలయపు రాతలూ ఉర్దూలోనే సాగేవి. ఆ కాలపు రిజిస్టర్లలో తేదీలు ఫస్లీ లెక్కలో, అంటే నిజాం ప్రభుత్వం వాడిన సంవత్సరాల లెక్కలో కనిపిస్తాయి. హైదరాబాద్ రాజ్యపు ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలయ్యేది. అందువల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే తేదీలకు ఫస్లీ సంఖ్యకు 590, జనవరి నుంచి అక్టోబరు తొలి రోజుల వరకు వచ్చే తేదీలకు 591 కలపాలి. ఉదాహరణకు 1352 ఫస్లీ అమర్దాద్ నెలలో చేరినట్టు ఉంటే అది దాదాపు 1943 జూన్ అవుతుంది. అందరికీ ఒకే సంఖ్యను కలుపుకుంటూ పోతే కొందరి వయసు ఒక ఏడాది తప్పుతుంది. ఉర్దూ చదవగలిగిన వారు హనుమకొండ, వరంగల్‌లలో నేటికీ ఉన్నారు; అయితే అచ్చు ఉర్దూ చదవడం వేరు, గొలుసుకట్టుగా రాసిన పాత దఫ్తరు చేతిరాత చదవడం వేరు. రెవెన్యూ శాఖలో పని చేసి రిటైరైన పెద్దవారిని అడగడం మంచిది. ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చులను సాధారణంగా గుర్తించరు కాబట్టి ఒకే రాతను కొమురయ్య అనీ, కొమరయ్య అనీ చదవడానికి వీలుంటుంది. అటువంటి చోట రెండు రూపాలనూ రాసిపెట్టుకొని, ఊరికి వెళ్లి తేల్చుకోవాలి.

పేర్ల దగ్గర మన ప్రాంతానికే చెందిన చిక్కు మరొకటి ఉంది. మేడారం సమ్మక్క, సారలమ్మల పేరు మీద సమ్మయ్యలు, సారయ్యలు. కొమురవెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్యలు. ఐనవోలు మల్లన్న పేరు మీద ఐలయ్యలు. వేములవాడ రాజన్న పేరు మీద రాజయ్యలు, రాజేశంలు. ఒకే తరగతిలో నలుగురు సమ్మయ్యలు ఉండటం అసాధారణమేమీ కాదు. ఇద్దరి జీవితాలు కలిసిపోయి ఒకే మనిషిగా పుస్తకంలోకి వస్తే ఆ రెండు కుటుంబాలకూ అన్యాయం చేసినట్టే. అందుకని ప్రతి వ్యక్తికీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అనే నాలుగింటినీ కలిపి ఒక గుర్తుగా వాడాలి. ఇంటిపేరుకు బదులు ఒక పొడి అక్షరమే ఉంటే దాన్ని పూర్తి చేసేదాకా ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంచాలి. ఊళ్లో పిలిచే పేరు రిజిస్టర్ పేరుకు పూర్తిగా భిన్నంగా ఉండవచ్చు, గల్ఫ్‌కు వెళ్లినవారి పాస్‌పోర్టులో మూడో పేరు ఉండవచ్చు. మూడింటినీ రాయాలి, ఎందుకంటే ఆయన మనవడు ఏ పేరుతో వెతుకుతాడో మనం ముందే చెప్పలేం.

రిజిస్టర్‌లోని పుట్టిన తేదీని కొట్టిపారేయకూడదు, పూర్తిగా నమ్మకూడదు. బడిలో చేర్చుకునే రోజున పంతులు పిల్లవాడిని ఎగాదిగా చూసి, వయసు అంచనా కట్టి వేసిన తేదీలే ఎక్కువ. ఒక పేజీలో సగం మంది జూన్ లేదా జులై ఒకటో తేదీన పుట్టినట్టుంటే అది పంతులు లెక్క అని అర్థం చేసుకోవాలి. పుస్తకంలో "రిజిస్టర్ ప్రకారం" అని రాసి, ఇంట్లో చెప్పే సంవత్సరం వేరైతే దాన్ని కూడా పక్కనే ఇవ్వాలి.

ఇక విడిచిన కారణం అనే గడి. చాలామంది దాన్ని చూడకుండా దాటిపోతారు, కానీ రిజిస్టర్ మొత్తంలో అంతకన్నా విలువైన గడి లేదు. "దీర్ఘకాల గైర్హాజరు, పేరు తీసివేయబడింది" అన్న ఒక్క వాక్యం వెనుక తండ్రి మరణం, కరువు ఏడు, అప్పుకింద జీతగాడిగా చేరడం, చెల్లెలి పెళ్లి వంటివి ఉంటాయి. 1969లో తెలంగాణ ఉద్యమం వల్ల విద్యాసంస్థలు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ ఏడాది పేరు తీసివేతలు ఎక్కువగా కనిపిస్తే బడి తెరిచాక తిరిగి రాని పిల్లలెవరో వెతకాలి. ప్రతి కథనానికీ మొదటి ప్రశ్న ఈ గడి నుంచే పుడుతుంది.

ఎవరు లేరో తెలుసుకోవడం

రిజిస్టర్ నుంచి తీసిన పేర్లను ఊళ్లవారీగా విడదీసి, ఒక్కో ఊరి పట్టికను ఆ ఊరి నుంచి బడికి వచ్చిన ఒకరి చేతిలో పెట్టాలి. ఆయన ప్రతి పేరు ఎదుటా ఉన్నారు, లేరు, తెలియదు అనే మూడింటిలో ఒకటి రాస్తారు. "తెలియదు" అని వచ్చిన పేర్లను బడిలో పని చేసి రిటైరైన అటెండర్‌కు, హాస్టల్ వంటమనిషికి, బడి ఎదుట హోటల్ నడిపిన కుటుంబానికి చూపించాలి. మార్కులు చూసి గుర్తుపెట్టుకునే ఉపాధ్యాయుల కన్నా పిల్లలను ముఖం చూసి గుర్తుపెట్టుకున్న వీరే ఎక్కువ మందిని చెప్పగలరు.

ఊరే లేకుండా పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. మిడ్ మానేరు, ఎల్లంపల్లి జలాశయాల కింద మునిగిన పల్లెలు, ఓపెన్‌కాస్ట్ గనుల కోసం ఖాళీ చేయించిన పల్లెలు రిజిస్టర్‌లో ఊరి పేర్లుగానే ఉంటాయి. ఆ కుటుంబాలను పునరావాస కాలనీల్లో వెతకాలి. నేత కుటుంబాల వారిని సూరత్‌, భివండీల్లోని బంధువుల ద్వారా, సింగరేణికి వెళ్లిన వారిని గోదావరిఖని, భూపాలపల్లి కార్మిక సంఘాల ద్వారా, రైల్వేలో చేరిన వారిని కాజీపేటలోని పింఛనుదారుల ద్వారా వాకబు చేయవచ్చు. జిల్లా పేరు రాసేటప్పుడు జాగ్రత్త అవసరం: 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయింది, 2021లో వరంగల్ అర్బన్‌కు హనుమకొండ జిల్లా అని పేరు మారింది. "నాటి వరంగల్ జిల్లా, నేటి మహబూబాబాద్ జిల్లా" అని రెండూ రాస్తే చదివేవారు తికమకపడరు.

ఆ ఇంటికి వెళ్లడం

ఇది మొత్తం పనిలో అతి ముఖ్యమైన భాగం, తొందర పనికిరాని భాగం కూడా. బాలుర బడి రిజిస్టర్‌లో ఒక్క ఆడపిల్ల పేరూ ఉండదు. కానీ అందులోని ప్రతి జీవితమూ ఈ రోజు ఒక భార్య దగ్గరో, అక్కచెల్లెలి దగ్గరో, కూతురి దగ్గరో ఉంది. సోపతిగాళ్లకు తెలిసింది పదో తరగతి వరకు, మహా అయితే కాలేజీ వరకు. ఆ తర్వాతి 40 ఏళ్లు తెలిసింది ఇంటి ఆడవారికే. స్నేహితులు చెప్పిన అల్లరి ముచ్చట్లతోనే కథనం ముగిస్తే ఆ మనిషి జీవితంలో పెద్ద భాగం రాయకుండా వదిలేసినట్టవుతుంది.

మరణం జరిగి ఎక్కువ కాలం కాకపోతే దినాలు, పెద్దకర్మ ముగిసేదాకా ఈ పని మీద వెళ్లకూడదు. పరామర్శకు వెళ్లినా కాగితం, కలం బయటికి తీయకూడదు. ఏడాది మాసికం అయ్యాక వెళ్లడం మర్యాద. ముస్లిం కుటుంబాల్లో చెహ్లుం (నలభయ్యో రోజు) తర్వాత కబురు పెట్టి, వారు రమ్మన్నప్పుడు వెళ్లాలి. క్రైస్తవ కుటుంబాలు నవంబరు 2న సమాధుల దగ్గరికి వెళ్లి తమవారిని తలుచుకుంటాయి. ఆ వారంలో మాట్లాడటానికి వారికి మనసు ఉంటుంది. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పెద్దలకు బియ్యం ఇచ్చి పేరు పేరునా తలుచుకునే ఇళ్లలో అంతకు ముందు వారం పోయిన వారి మాట సహజంగానే వస్తుంది. ఆ రోజునే వెళ్లడం మాత్రం సరికాదు: పొద్దున బియ్యం ఇచ్చే పని, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు.

వెళ్లేటప్పుడు రిజిస్టర్‌లో ఆయన పేరున్న వరుసను మాత్రం ఫోటో నుంచి విడదీసి అచ్చు తీసిన కాగితాన్ని, గ్రూప్ ఫోటో దొరికితే దాని ప్రతిని తీసుకువెళ్లాలి. పూర్తి పేజీ ఇస్తే ఇతర కుటుంబాల వివరాలు, కులం గడి కూడా వారి చేతికి వెళ్తాయి. 11 ఏళ్ల వయసులో ఆయన బడిలో చేరిన తేదీని, మామగారు పెట్టిన వేలిముద్రను చూసిన భార్య, మనం ప్రశ్న అడగకముందే మాట్లాడటం మొదలుపెడుతుంది. "వదినె, నేను అన్న చదివిన బడి నుంచి వచ్చిన, అన్న గురించి నాలుగు మాటలు రాసుకుందామని" అని చెప్పి కూర్చుంటే చాలు. బడి పేరు మీద వచ్చి చందా అడుగుతారేమోనన్న అనుమానం కొన్ని ఇళ్లలో ఉంటుంది కనుక, ఇందులో డబ్బు ప్రసక్తి లేదని మొదటే చెప్పాలి.

"ఆయన ఎలాంటి మనిషి?" అని అడిగితే "మంచోడు" అన్న జవాబే వస్తుంది. పని గురించి, వస్తువుల గురించి, రోజు గురించి అడగాలి. పొద్దున లేచి మొదట ఏం చేసేవారు? జీతం రోజున ఇంటికి ఏం తెచ్చేవారు? ఆయన వాడిన వస్తువు ఏదైనా ఇంట్లో ఉందా? ఏ సారు పేరు ఎక్కువగా తలుచుకునేవారు? బడి మానేయాల్సి వచ్చినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా? పిల్లల చదువు దగ్గర ఎలా ఉండేవారు? ఆ వస్తువును చేతిలోకి తీసుకొని చూపిస్తూ చెప్పే మాటల్లోనే మనిషి కనిపిస్తాడు. రికార్డు చేయాలంటే ముందుగా అడిగి, రికార్డింగ్ మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడుతున్న వారి పేరు, వారికి ఆయనతో ఉన్న బంధుత్వం చెప్పించాలి. వారు కంటతడి పెట్టుకుంటే రికార్డింగ్ ఆపి, వారు తిరిగి మొదలుపెట్టేదాకా ఆగాలి. మరుసటి ప్రశ్నతో మాట మార్చడం కన్నా ఊరుకోవడం మేలు.

చనిపోయిన తేదీ చాలా ఇళ్లలో సంఖ్యగా ఉండదు. కొందరు తిథి చెబుతారు. సంవత్సరం తెలిస్తే ఆ ఏటి పంచాంగంతో దాన్ని తేదీగా మార్చుకోవచ్చు. కొందరు "స్కైలాబ్ పడుతదన్న ఏడు", "సూర్యగ్రహణం పట్టి అందరం తలుపులు ఏసుకున్న ఏడు", "గోదావరి పుష్కరాలప్పుడు" అంటారు. స్కైలాబ్ కూలింది 1979 జులై 11న, ఆ గ్రహణం 1980 ఫిబ్రవరి 16న, గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015లలో వచ్చాయి, గోదావరి పెద్ద వరద 1986 ఆగస్టులో వచ్చింది. మేడారం జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది కాబట్టి "జాతర ముందటి సంక్రాంతి" అన్న మాట కూడా వెతుకులాటను సగానికి తగ్గిస్తుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. నగరపాలక సంస్థలో, గ్రామ పంచాయతీలో ఆ నమోదు ఉంటే కుటుంబం దగ్గర ధ్రువపత్రం ఉంటుంది, లేదా వారు మీసేవ ద్వారా తీసుకోగలరు. పాత రోజుల్లో పల్లెల్లో జరిగిన మరణాలు చాలావరకు నమోదు కాలేదు. పెద్దకర్మ కార్డు, పత్రిక జిల్లా సంచికలోని శ్రద్ధాంజలి ప్రకటన, సమాధి మీది పలక వీటిలో ఏది దొరికినా ఫోటో తీసుకోవాలి.

ఒక పేజీ కథనం రాయడం

ఒక్కొక్కరికి 150 నుంచి 200 మాటలు చాలు. స్నేహశీలి, మృదుస్వభావి, అజాతశత్రువు వంటి మాటలను పుస్తకంలో ఎక్కడా రానివ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆ మాటలు ఎవరికి రాసినా సరిపోతాయి, కాబట్టి ఎవరినీ చూపించవు. ఆయన చేసిన పని, ఆయన ఉన్న చోటు, ఆయన మాట, ఇవి ఉంటే గుణం దానంతట అదే తెలుస్తుంది. మచ్చుకు, ఇంటిపేరు లేని ఒక వ్యక్తిని ఊహించుకొని రాసిన నమూనా ఇది:

"సమ్మయ్య 1961లో ఆరో తరగతిలో చేరారు. తండ్రి వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. 1965లో తొమ్మిదో తరగతి మధ్యలో బడి విడిచారు; రిజిస్టర్‌లో కారణం గైర్హాజరు అని ఉంది. తండ్రికి దగ్గు ముదిరి పని మానేయడంతో ఇల్లు గడవడానికి బట్టల దుకాణంలో చేరారని చెల్లెలు చెప్పారు. తర్వాత అదే మిల్లులో బద్లీ కార్మికుడిగా మొదలై పర్మనెంటు అయ్యారు. మిల్లు మూతపడ్డాక ఎనుమాముల మార్కెట్లో హమాలీల కూలి లెక్కలు రాశారు. లెక్క తేడా వస్తే ఇంటికి తెచ్చుకొని లాంతరు వెలుగులో మళ్లీ కూడేవారు. ఆయన రాసిన చివరి లెక్కల పుస్తకం కొడుకు దగ్గర ఉంది. లెక్కల సారు తనను తిరిగి బడికి తీసుకుపోవడానికి రెండుసార్లు ఇంటికి వచ్చారని పిల్లలకు చెప్పేవారు. 'సారు వచ్చినప్పుడు నేను ఇంట్ల లేను' అనేవారట. 2003లో మరణించారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఈ వివరాలు చెప్పినవారు: చెల్లెలు, కొడుకు, ఒక సహాధ్యాయి."

చివరి వాక్యాన్ని ఏ కథనంలోనూ మానకూడదు. చెప్పింది ఎవరో రాస్తే, రేపు మరొకరు దాన్ని సరిచేయగలుగుతారు. ఇద్దరు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఏది నిజమో మనమే తీర్పు ఇవ్వకుండా రెండింటినీ రాయవచ్చు. కుటుంబం మాటలను వారి మాండలికంలోనే ఉంచాలి. కథనం మాత్రం పుస్తక భాషలో ఉండవచ్చు. రాసిన పేజీని ముద్రణకు ముందు ఇంటికి తీసుకువెళ్లి చదివి వినిపించి, సరేనన్నాకే సంతకం తీసుకోవాలి. చదువు రాని వారికి ఫోన్‌లో పంపించి వదిలేయడం అంగీకారం కిందికి రాదు.

కొన్ని మరణాల గురించి రాయడం కష్టం. ఉత్తర తెలంగాణ బడులన్నింటిలోనూ ఎన్‌కౌంటర్లలో చనిపోయిన పూర్వ విద్యార్థులు, మరో వైపు కాల్పుల్లో చనిపోయిన పోలీసు ఉద్యోగులు ఉండే అవకాశం ఉంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నవారు కావచ్చు. అప్పుల బాధతో పురుగుమందు తాగిన రైతులు ఉన్నారు, మద్యం వల్ల పోయినవారు ఉన్నారు, 2020, 2021లలో కోవిడ్‌తో పోయి నలుగురు మోయకుండానే వెళ్లినవారు ఉన్నారు. ఇక్కడ నేను పాటించమనే నియమం ఇది: కుటుంబం వద్దన్న కారణాన్ని రాయకూడదు, జరగని కారణాన్ని కుటుంబం రాయమన్నా రాయకూడదు. అప్పుడు "2004లో మరణించారు" అన్న ఒక్క వాక్యం సరిపోతుంది. బిరుదులు, నిందలు, పార్టీల పేర్లతో కూడిన వాక్యాలు అక్కర్లేదు. మరణం ఎలా వచ్చినా పేజీలో ఎక్కువ భాగం ఆయన బతికిన సంవత్సరాలకే దక్కాలి. కోవిడ్ కాలంలో పోయిన వారి ఇళ్లకు వీలైతే ముందుగా వెళ్లాలి. ఆ రోజుల్లో బంధువులు కూడా రాలేకపోయారు కాబట్టి, వారి గురించి చెప్పుకునే అవకాశం ఆ కుటుంబాలకు ఎన్నడూ దొరకలేదు.

కులం, ఆధార్, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా, మార్కులు, బడిలో పడిన శిక్షలు అచ్చు వేయకూడదు. ఎంత వెతికినా ఏమీ దొరకని వారి పేజీని తీసివేయకూడదు. పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, విడిచిన తేదీ రాసి మిగతా పేజీని ఖాళీగా వదలాలి. పుస్తకం చేతికి వచ్చాక ఆ ఖాళీని చూసి ఎవరో ఒకరు కబురు చేయడం జరుగుతుంది.

ఫోటోల విషయంలో అసలు ఫోటోను ఇంటి నుంచి తీసుకురాకుండా అక్కడే ఫోన్‌తో తీసుకోవాలి. గోడ మీది దండ వేసిన ఫోటో కన్నా రేషన్ కార్డుకో ఉద్యోగ గుర్తింపు కార్డుకో తీయించుకున్నది, పని చేసే చోట తీసినది బాగుంటుంది.

టైపింగ్, ముద్రణ, భద్రపరచడం

డీటీపీ షాపుల్లో తెలుగును తరచుగా అను ఫాంట్లలో కొడతారు. అచ్చుకు అది బాగానే ఉంటుంది గానీ, ఆ ఫైలును మరో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం కాని గుర్తులు వస్తాయి, పేరుతో వెతకడం కుదరదు. మొదటి నుంచీ, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో టైప్ చేయించి, పేజీలు పెట్టేటప్పుడు అవసరమైతే ఫాంటు మార్పించుకోవాలి. చివర ఊళ్లవారీగా ఒకటి, ఇంటిపేర్లవారీగా ఒకటి, పిలుపు పేర్లతో మరొకటి సూచికలు ఉండాలి. ఖర్చును ఒక్క దాత మీద వేస్తే మొదటి పేజీలో ఆయన ఫోటో వేయక తప్పని పరిస్థితి వస్తుంది; బ్యాచ్‌లో అందరి దగ్గరా చిన్న మొత్తాలు తీసుకోవడం మంచిది.

పుస్తకం మొదటి ప్రతులు చనిపోయిన వారి ఇళ్లకు ఉచితంగా వెళ్లాలి, వేదిక మీద ఆవిష్కరణ ఆ తర్వాతే. బడి గ్రంథాలయంలో ఒకటి, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒకటి, 1904లో మొదలైన హనుమకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో ఒకటి, కాకతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒకటి ఇచ్చి, ఒక్కో చోట రసీదు తీసుకోవాలి. రిజిస్టర్ ఫోటోలను, రికార్డింగులను పుస్తకంతో పాటు పంచకూడదు. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఒకటి ప్రధానోపాధ్యాయునికి, ఒకటి బృందంలోని చిన్న వయసు వారికి అప్పగించాలి.

బడి కార్యాలయంలో ఒక ప్రతిని సవరణల కోసమే ప్రత్యేకంగా ఉంచాలి. అందులో ఒక్కో కథనానికి ఎదుట ఒక తెల్ల పేజీ కుట్టించి, కుటుంబ సభ్యులు వచ్చి తప్పులు దిద్దినా, కొత్త సంగతి రాసినా కింద పేరు, తేదీ వేయమని చెప్పాలి. ఏటా సమ్మేళనానికి నెల రోజుల ముందు ఆ ప్రతిని తెరిచి, కొత్తగా చేరిన రాతలను, ఆ ఏడాది పోయిన వారి పేర్లను యూనికోడ్ ఫైలులోకి ఎక్కించి, మౌనం పాటించే ముందు ఆ పేర్లను తండ్రి పేరుతో, ఊరితో సహా చదవడానికి ఒకరిని నియమించాలి.